రెప్ప మీది పింజ

హీరో చెయ్యి పైకి లేచింది. హీరోయిన్ ముఖం దాకా వచ్చి, కనురెప్పకు బెత్తెడు దూరంలో ఆగింది. రెండు వేళ్ళు దగ్గరికి చేరి దేన్నో పట్టుకోబోయాయి. "కదలకు, రెప్ప మీద దూదిపింజ పడింది," అన్నాడతను హిందీలో. పట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర మీద గాలి కడిగినట్టుంది. పింజ మాట దేవుడెరుగు, నలుసు కూడా లేదు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

వెనక వరుసలో గోడవారగా కూర్చున్న అతుకులక్కయ్య నవ్వలేదు. చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుని తెర వైపు వంగింది.

పాత సినిమాలు బాగుచేసే ఆ సంస్థలో తెగిన ఫిల్ముకు అతుకులు వేసేది ఆమె. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంటుంది, దానితో ఎవరికీ పని పడదు. అరవై అయిదేళ్ళనాటి ఈ హిందీ ప్రేమకథ పద్నాలుగు రీళ్ళూ పదకొండు నెలలుగా ఆమె చేతుల్లోనే ఉన్నాయి. చిరిగిన అంచులు కుట్టినట్టు అతికించింది. బూజు తుడిచింది. ఏ రీలు ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ కుంచించుకుపోయిందో గ్లౌజులోంచే చెప్పగలదు. కానీ ఆ సినిమా నడవగా చూడటం ఆమెకిదే మొదలు. అంత పాత ఫిల్ము ప్రొజెక్టరులో పెడితే పీలికలవుతుంది. దాన్ని లైటు బల్ల మీద చేత్తో తిప్పుతూ చూడాల్సిందే. కంప్యూటరులోకి ఎక్కించి, మరకలు తుడిచాక, చివర్లో అందరూ ఒకసారి చూసి సంతకం పెడతారు. ఇవాళ సోమవారం అదే జరుగుతోంది. శుక్రవారానికి సినిమా చిత్రోత్సవానికి వెళ్ళాలి.

ఇప్పుడు నడుస్తున్నది తొమ్మిదో రీలు. పెద్దింటి కుర్రాడు పరుపులు కుట్టేవాడి కూతురిని ప్రేమించాడు. ఇంట్లోవాళ్ళు కుదిర్చిన పెళ్ళికి తలవంచి, ఆ మాట చెప్పడానికి ఆమె తండ్రి కొట్టుకు వచ్చాడు. చెప్పలేడు. ఏకిన దూది మధ్య నిలబడి, రెప్ప మీద పింజ పడిందంటూ చెయ్యెత్తుతాడు. అంతే, వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఐదు రీళ్ళ ఏడుపుకీ అదే మూలం.

లైట్లు వెలిగాక అందరూ ఎంత శుభ్రంగా వచ్చిందో అన్నారు. అద్దంలా ఉందన్నారు. అతుకులక్కయ్య సంతకాల కాగితాన్ని పక్కవాళ్ళకు అందించేసి, సంతకం పెట్టకుండానే బయటికి నడిచింది.

తన గదిలో తొమ్మిదో రీలు డబ్బా తెరిచి, గ్లౌజులు తొడుక్కుని, బల్ల మీద పరిచింది. కొట్టు సీను దగ్గరికి తిప్పి భూతద్దం పెట్టింది. చీకటి కొట్టు, వెనక కిటికీ వెలుగు, ఆ వెలుగు నిండా తెల్లటి చుక్కలు. దూది. కొట్టంతా దూది ఎగురుతోంది. కంప్యూటరు గదిలో దాన్నంతా దుమ్మనుకుని తుడిచేశారు. ఇంకాస్త తిప్పింది. చెయ్యి లేస్తోంది. ఒక ఫ్రేములో హీరోయిన్ ఎడమ రెప్ప మీద బియ్యపుగింజంత తెల్లటి చుక్క. దొరికింది, అనుకుంది. వెతికే మనిషికి కావలసింది దొరికాక వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. ఆమె ఆ ఫ్రేము దగ్గర గుర్తుగా దారప్పోగు కట్టి లేచింది.

కంప్యూటరులో మరకలు తీసే అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. అందరూ తుడుపు తమ్ముడంటారు. ఆమె వెళ్ళేసరికి తెర ముందు మెడ వంచుకుని కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పింది. అతను విన్నాడు. విని, చూస్తానక్కా అన్నాడు. చూడ్డానికేముంది, తుడిచేశావుగా, అందామె. అతను తెర వైపు తిరిగి మౌసు అందుకున్నాడు. అలా తిరగడమే ఆమె ఒళ్ళు మండించింది.

"గంధపు చెక్కలు మోసే గాడిదకి వాసన తెలీదంటారు. దాని తప్పేముందిలే, మోయించినవాళ్ళని అనాలి," అంది గుమ్మంలోంచి.

అతను తెర మీద ఇంకో మరక తుడిచాడు.

అక్కణ్ణుంచి ఆమె ఆఫీసరు గారి గదికి వెళ్ళింది. ఆయన మంచి మనిషే. కూర్చోమన్నారు, మంచినీళ్ళు తెప్పించారు. మరకలు తుడిచే ఆ యంత్రాన్ని ఎన్ని దేశాల్లో వాడుతున్నారో, దాని పనితనానికి కంపెనీవాళ్ళు ఏం ధ్రువపత్రం ఇచ్చారో నెమ్మదిగా చెప్పారు. చిత్రోత్సవం వాళ్ళు అడిగింది శుభ్రత, మనం ఇచ్చింది శుభ్రత అన్నారు. జనం నవ్వారని ఆమె అంటే, పాత సినిమాలకు నవ్వుతారమ్మా, మామూలే అన్నారు. యంత్రం తప్పు చేసిందని ఎవరికి రాయాలి, ఏ కాగితం మీద రాయాలి అని నిజంగానే తెలియనివాడిలా ఆమెనే అడిగారు. ఆయన మోచేతి పక్కన ఫైళ్ళ దొంతరలో పైనుంచి రెండోది ఆమెదే. మూడు నెలల్లో ఉద్యోగ విరమణ. మరో రెండేళ్ళు ఉండనివ్వమని ఆమె పెట్టుకున్న అర్జీ అందులో ఉంది. ఇద్దరూ దానివైపు చూడకుండా మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో, మంచం మీద వత్తులు చేసుకుంటున్న అత్తగారు ఆమె ముఖం చూసి ఏమైందని అడిగింది. సినిమా పేరు చెప్పగానే ఎనభై రెండేళ్ళ ముసలావిడ చేతిలో వత్తి ఆగిపోయింది.

"ఆ సినిమా నీ దగ్గరుందా? ఇన్నాళ్ళూ చెప్పవేం?"

పదకొండు నెలలుగా తన బల్ల మీదే ఉందని, నడవగా చూసింది మాత్రం ఇవాళేనని చెప్పింది కోడలు.

"ఇన్నాళ్ళూ ఉండీ చూళ్ళేదా? గరిటెకేం తెలుసే కూర రుచి," అంది అత్తగారు. పెళ్ళికి ముందు ఇంట్లో చెప్పకుండా నాలుగుసార్లు చూసిందట. హిందీ ముక్క రాదు, అయినా అంతా అర్థమైందట. పింజ సంగతి అడగ్గానే గోటి మీద గోరు పెట్టి కొలత చూపించింది. "ఇంత. ఎడం రెప్ప మీద. తెల్లగా, మెత్తగా. వాడు తీస్తాడు తీస్తాడు అని ఊపిరి బిగబట్టాం. తియ్యడు సన్నాసి."

ఎడం రెప్పేనా, బాగా గుర్తుందా అని కోడలు మళ్ళీ అడిగింది. నిన్న తిన్నది గుర్తులేదు గానీ అది గుర్తుంది, పొమ్మంది ఆవిడ. ఆ రాత్రికి అతుకులక్కయ్య హాయిగా నిద్రపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు తన పక్షాన సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి.

మంగళవారం ఆమె రెండు పేజీల ఉత్తరం రాసి ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా "చర్చించడమైనది" అన్న ఒక్క మాటతో అది వెనక్కి వచ్చింది. ఆ ఒక్క మాటలో ఎవరు చర్చించారో, ఏమని తేల్చారో లేదు. బుధవారం ఉదయం రెప్ప మీద చుక్క ఉన్న ఫ్రేమును పెద్దదిగా అచ్చు వేయించి పట్టుకెళ్ళింది. ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశారు. చుక్క ఉన్నమాట నిజమే అన్నారు. కానీ అది పింజో దుమ్మో బొమ్మ చూసి చెప్పలేం కదా అన్నారు. నా ముప్పై ఏళ్ళ కళ్ళు చెబుతున్నాయంది. ముప్పై ఏళ్ళకు ఆయన గౌరవంగా తల ఊపి, ఆ బొమ్మను ఆమెకే తిరిగి ఇచ్చారు.

మెత్తటి గోడను గుద్దుతున్నట్టుంది ఆమెకు. దెబ్బ తగలదు, చప్పుడు రాదు, చేతికి మాత్రం నొప్పి పుడుతుంది. గట్టిగా కాదన్న మనిషితో పోట్లాడొచ్చు. అవునవునంటూ తలూపే మనిషితో ఏం చేయాలి? ఎవరితోనో ఒకరితో పోట్లాడకపోతే ఆ కోపం తీరేలా లేదు. టీ తాగే చోట తుడుపు తమ్ముడు ఎదురయ్యాడు. చుట్టూ అయిదారుగురున్నారు. ఎవరో ఆ బొమ్మ చూపించమన్నారు. చేతులు మారి అది అతని దాకా వెళ్ళింది. అతను చూడనైనా చూడకుండా పక్కవాడికి అందించాడు.

"వాడికెందుకులే ఆ బొమ్మ," అందామె, అందరికీ వినబడేలా. "గచ్చు తుడిచే గుడ్డతోనే ముఖమూ తుడిచే రకం."

ఒకరిద్దరు నవ్వారు. అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతుకులక్కయ్యకు కాస్త తేలికైంది. ఆ తేలికదనం తన గది దాకా కూడా నిలవలేదు.

మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళిన వేళ చూసి కంప్యూటరు గదిలోకి వెళ్ళింది. ఏ రీలుకు తుడుపు ఎంత గట్టిగా పెట్టాలో ఫిల్ము చూసేవాళ్ళు వంతులవారీగా అతనికి రాసిచ్చిన కాగితాలు అల్మరాలో వరసగా ఉంటాయి. తొమ్మిదో రీలుకు ఎవరి ఆజ్ఞతో అంత గట్టిగా పెట్టాడో తెలిస్తే, ఆ కాగితమే ఆఫీసరు ముందు పెట్టొచ్చు. ఫైలు సులువుగానే దొరికింది. తొమ్మిదో నంబరు పేజీ తీసింది.

గుండ్రటి చేతిరాత. గీతలు, చిరుగులు, బూజు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. కింద విడిగా ఒక వాక్యం: "తెల్లచుక్కలు రీలు సగం నుంచి విపరీతంగా ఉన్నాయి. అంతా దుమ్మే. గట్టిగా శుభ్రం చేయాలి." ఆ కింద సంతకం. సున్నా పక్కన చిన్న తోకతో, ముప్పై ఏళ్ళుగా తను జీతం తీసుకున్న సంతకం.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. తలనొప్పా, ఇంట్లో గొడవా, వాన వల్ల వెలుగు సరిగా లేదా? ఏమీ లేదు. తేదీ చూస్తే అదొక మామూలు బుధవారం. ఎప్పటిలాగే చేసింది. అడుగు ఫిల్ముకు పదహారు ఫ్రేములుంటాయి. అన్నీ చూస్తే ఏళ్ళు పడుతుంది కనుక అడుగుకొక ఫ్రేము చూసి కాగితం నింపడం ఇక్కడి పద్ధతి. ఈ ఫ్రేములో చుక్క ఇక్కడుంది, అడుగు తిప్పాక ఇంకెక్కడో ఉంది. పొంతన లేని చుక్కల్ని దుమ్మని రాస్తారు, ఎవరైనా రాస్తారు. నెగెటివు మీద దుమ్ము పడితే ప్రింటులో తెల్లగానే వస్తుంది. ఎగిరే దూదికీ దుమ్ముకీ తేడా నడిస్తే తెలుస్తుంది. తను నడిపించలేదు. దానికి చెప్పుకోవడానికి ఏ వంకా లేదు. కోపంలోనో తొందరలోనో చేసిన తప్పయితే దాన్ని ఆ రోజు మీద నెట్టెయ్యొచ్చు. ఇది తన చేతి అలవాటు చేసిన తప్పు.

తలుపు దగ్గర అలికిడైంది. తుడుపు తమ్ముడు భోజనం డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో కాగితం చూశాడు.

"ఇది నీకు సోమవారమే తెలుసా?"

తెలుసన్నట్టు తలూపాడు.

"మరి నా ముఖాన కొట్టలేదేం?"

"మీ ఫైలు సార్ దగ్గరుంది కదక్కా," అన్నాడు డబ్బా కింద పెడుతూ. "ఇంకో నాలుగు రోజులు తిట్టేసి మీరే ఊరుకుంటారనుకున్నా."

ధన్యవాదం చెప్పాల్సిన చోట ఆమెకు మళ్ళీ కోపమే వచ్చింది. మూడు రోజులు తన మాటలు పడినందుకు కాదు, పడుతూ తన మీద జాలిపడినందుకు. గచ్చు గుడ్డ అన్నప్పుడు కూడా ఇతను తనని కాపాడుతూనే ఉన్నాడు. తను గెలుస్తున్నానని అనుకున్న ప్రతి చోటా ఇతను తప్పుకుని దారి ఇచ్చాడు. జాలిపడ్డావా అని అడగబోయింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. అలా తీసుకెళ్ళకూడదక్కా, ఫైలు పేపరు అని అతను అంటున్నా వినిపించుకోలేదు.

గురువారం పొద్దున ఆఫీసరు గారి గది తలుపు తెరవకముందే ఆమె బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన ఆమెను చూసి ఓపిక తెచ్చుకుంటున్న మనిషిలా నిట్టూర్చారు. ఆమె కాగితం తీసి ఆయన ముందు పరిచింది. యంత్రం తప్పు కాదు, తుడిచినతని తప్పు కాదు, దుమ్మని రాసిచ్చింది తనేనంది. ఒప్పుకోలు మాటలు ఎలా ఉంటాయో రాత్రంతా కూర్చుకుంది గానీ, తీరా చెప్పేసరికి సామాన్ల జాబితా చదివినట్టు వచ్చాయి.

ఆఫీసరు గారి ముఖం విప్పారింది. అది చూసి ఆమె బిత్తరపోయింది. ఆయన సొరుగు తెరిచి పచ్చరంగు ఫారం ఒకటి తీశారు. సిబ్బంది పొరపాటుకైతే ఫారం ఉందట. పేరు, తేదీ, పొరపాటు వివరం, సరిదిద్దడానికి పట్టే కాలం. అది నింపితే తొమ్మిదో రీలు మటుకు నాలుగు రోజులు ఆలస్యంగా పంపుతామని రాసే అధికారం తనకే ఉందన్నారు. అక్కడే ఫోను తీసి చిత్రోత్సవం వాళ్ళతో మాట్లాడారు. వాళ్ళు సరేనన్నారు. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది. మూడు రోజులు ఒప్పు తన వైపుందని అరిస్తే కదలని బండి, తప్పు నాదనగానే జారుడుబండ మీద పెట్టినట్టు పోయింది. నవ్వాలో తల బాదుకోవాలో ఆమెకు తెలియలేదు.

"ఈ ముక్క సోమవారమే చెప్పుంటే అప్పుడే అయిపోయేది కదమ్మా," అన్నారాయన ఆప్యాయంగా.

"సోమవారం నాకు తెలీదు సార్."

ఆమె ఫారం నింపింది. పొరపాటు వివరం దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత ఎప్పటి గుండ్రటి అక్షరాలతోనే రాసింది. సంతకం పెడుతుంటే ఆఫీసరు గారు ఆమె వైపు చూడకుండా, దొంతరలో పైనుంచి రెండోదైన ఆమె అర్జీ ఫైలు తీసి, ఆ పచ్చ ఫారాన్ని అందులో పెట్టి, ఫైలును కిటికీ పక్కనున్న వేరే దొంతరలో అడుగున సర్దారు. ఆయన ముఖంలో పగేమీ లేదు. చోటు మార్చడం ఒక్కటే.

కంప్యూటరు గదిలో ఆమె కోసం రెండో కుర్చీ వేశాడు తుడుపు తమ్ముడు. తుడవని సీను మళ్ళీ ఎక్కించాడు. రెండు నిమిషాల ఇరవై సెకన్ల సీనుకు మూడువేల మూడు వందల అరవై ఫ్రేములు. దూది ఉండాలి, దుమ్ము పోవాలి. ఏది ఏదో ఆమె చెబితే, పోవాల్సిన దాన్ని అతను ఒక్కొక్కటే తీస్తాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుని మొదటి ఫ్రేము చూసింది. ఇది దూది, అది దుమ్ము, ఆ మూల రెండూ దూది. చూపుడు వేలు తెరకు తగలకుండా చకచకా చెప్పుకుంటూ పోయింది. పది ఫ్రేములయ్యాక అతను నడిపించి చూపించాడు. దూది అన్నవాటిలో మూడు, రెప్పపాటులో మెరిసి మాయమయ్యాయి. దుమ్మన్నదొకటి కిటికీ మీదుగా తేలుతూ, తిరుగుతూ, నింపాదిగా వెళ్ళి పరుపు మీద వాలింది.

ఆమె చూపుడు వేలు ఒడిలోకి దించుకుంది.

అప్పటినుంచి ముందు నడిపించి, తర్వాత ఆపడం మొదలుపెట్టారు. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. ఒక్క ఫ్రేములో కనబడి పక్క ఫ్రేములో లేనిది దుమ్ము. తోవ ఉన్నది దూది. గురువారం పోయింది, శుక్రవారం పోయింది. ఇద్దరి మధ్యా మాటలు అంతంత మాత్రమే. శనివారం ఒకసారి ఆమె, టీ దగ్గర నేనన్న మాట, అని మొదలుపెట్టింది. అతను తెర మీంచి చూపు తిప్పకుండా, "ఆ గుడ్డ మాటా? మా ఆవిడకి చెప్పా. తనూ అదే అంటోంది," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది గానీ, క్షమాపణ అక్కడే నోట్లో ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పనిలో పడింది.

రోజంతా ఆ కొట్టులోనే ఉన్నట్టుండేది. ఏ పింజ ఎక్కడ లేచి ఎక్కడ వాలుతుందో వాళ్ళకు కంఠతా వచ్చేసింది. ఆదివారం సెలవైనా ఇద్దరూ వచ్చారు. మధ్యాహ్నానికి చెయ్యి లేచే చోటికి చేరారు.

అతను మెల్లగా నడిపించాడు. వేళ్ళు రెప్ప దగ్గరికి వచ్చాయి. రెప్ప మీద తెల్లగా ఏదో తళుక్కుమంది. అతను ఆపి, ఒక ఫ్రేము వెనక్కి వెళ్ళాడు. రెప్ప ఖాళీ. ఒకటి ముందుకు. బియ్యపుగింజంత చుక్క. ఇంకొకటి ముందుకు. ఖాళీ. మళ్ళీ వెనక్కి వచ్చి చుక్క దగ్గర ఆపి, మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

అతుకులక్కయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఆమె ముందుకు వంగింది. ఇంకోసారి నడిపించమంది. ఇంకోసారి. ఎన్నిసార్లు చూసినా అంతే. పెద్దదిగా అచ్చు వేయించిన చుక్క, ఆఫీసరు ముందు పెట్టిన చుక్క, అత్తగారు గోటి మీద కొలిచి చూపించిన చుక్క, ఒకే ఒక్క ఫ్రేములో ఉంది. ఆ రెప్ప మీద ఏనాడూ పింజ వాలలేదు. పడిందని హీరో అంటున్నాడు. గది నిండా దూది ఎగురుతోంది కనుక ఆ మాట చెల్లుతోంది. ఒక్కసారి ఆ ముఖాన్ని తాకి వెళ్ళిపోవడానికి వచ్చినవాడికి అంతకన్నా సాకు దొరకలేదు. అబద్ధమని ఆ పిల్లకూ తెలుసు. తెలిసే రెప్ప కొట్టకుండా నిలబడింది. తాకలేదు వాడు. నాలుగుసార్లు చూసినవాళ్ళు కూడా ఆ లేని పింజను కళ్ళారా చూశామనుకుని ఇళ్ళకు పోయారు.

"ఉంచేద్దామా అక్కా?" అన్నాడతను మెల్లగా. "ఒక్క ఫ్రేమే. ఎవరికీ కనబడదు."

ఆమె చాలాసేపు ఆ చుక్కను చూసింది. వారం రోజుల కొట్లాట దాని మీదే నిలబడింది. దాని పక్కనే, కిటికీ వెలుగులో, తోవలున్న పింజలు పదో పన్నెండో గాలిలో ఆగి ఉన్నాయి.

"అది దుమ్ము తమ్ముడూ," అంది. "తీసెయ్."

అతను తీసేశాడు. మొదటినుంచి నడిపించాడు. కొట్టు నిండా దూది ఎగురుతుండగా, ఏమీ లేని రెప్ప వైపు ఆ చెయ్యి లేచింది.